నాలుగు కులాల లెక్కలో మన పద్దు ఎక్కడ?

ఎన్నికల ముందు వచ్చే బడ్జెట్‌ను పేపర్లవాళ్ళు ఓటాన్ అకౌంట్ అంటారు. మన వాడల్లో ఆ మాట ఎవరికీ పట్టదు. ‘బడ్జెట్ వచ్చిందంట’ అంటే ‘వస్తే మనకేంది’ అనే జవాబు వస్తుంది. ఆ జవాబులో కోపం ఉంది, యాభై ఏళ్ళ అనుభవం ఉంది. కాదనం. కానీ పాలకులకు కావలసింది కూడా సరిగ్గా ఆ జవాబే. మనం పట్టించుకోని లెక్కను వాళ్ళు తమకు నచ్చినట్టు రాసుకుంటారు.

2024 ఫిబ్రవరి 1న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ లోక్‌సభలో మధ్యంతర బడ్జెట్ చదివారు. ఈ దేశంలో ముఖ్యంగా చూడవలసినవి నాలుగు కులాలేనని, అవి పేదలు, మహిళలు, యువత, అన్నదాతలు అని ఆ ప్రసంగంలో చెప్పారు. ప్రధానమంత్రి గట్టిగా నమ్మే మాట ఇదేనన్నారు. ఆ సాయంత్రం మా వాడలో టీవీ ముందు కూర్చున్న ఒక పెద్దమ్మ, ఊడ్పులకు పోయి పోయి నడుం వంగినామె, మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగింది: ‘నాలుగు కులాలంటుందే, అందులో మనం ఏది నాయనా?’

ఆ పెద్దమ్మ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ సంపాదకీయం. నాలుగు అనే అంకె మనకు కొత్తది కాదు. నాలుగు వర్ణాలని శాస్త్రాలు రాసిననాడు కూడా మనం ఆ లెక్కలో లేం. మనల్ని పంచములన్నారు, ఊరి బయట పెట్టారు. ఇప్పుడు కొత్తగా నాలుగు కులాలు రాశారు. ఈసారి మనం లోపల ఉన్నామో, మళ్ళీ బయటే ఉన్నామో లెక్క తీసి చూద్దాం.

ముందు మధ్యంతర బడ్జెట్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. ఎన్నికలు దగ్గర పడ్డప్పుడు, దిగిపోయే ప్రభుత్వం ఏడాది మొత్తానికీ పథకాలు ప్రకటించడం మర్యాద కాదు. కొత్త ప్రభుత్వం వచ్చేదాకా జీతాలు, వడ్డీలు, నడుస్తున్న పనులు ఆగకుండా కొన్ని నెలల ఖర్చుకు పార్లమెంటు అనుమతి తీసుకుంటారు. రాజ్యాంగం 116వ అధికరణం ఆ వీలు కల్పించింది. ఇంటి పెద్ద ఊరికి పోతూ పది రోజుల తిండిగింజలు కొలిచిపెట్టి పోయినట్టు. కానీ గింజలు కొలిచేటప్పుడే ఎవరికి సోలెడు, ఎవరికి మానెడు అనేది తెలిసిపోతుంది. పెద్ద వాగ్దానాలు చేయకూడని బడ్జెట్‌లోనే పాలకుల అసలు వరస బయటపడుతుంది.

ఆ మర్యాద కూడా ఎప్పుడూ పాటించారని కాదు. 2019 ఫిబ్రవరి 1న పీయూష్ గోయల్ చదివినది కూడా మధ్యంతర బడ్జెటే. అందులోనే పీఎం కిసాన్ అనే కొత్త పథకం తెచ్చి 75 వేల కోట్లు రాశారు. గడిచిపోయిన 2018 డిసెంబరు నుంచే లెక్కగట్టి, ఎన్నికలకు ముందే మొదటి 2 వేలు ఖాతాల్లో వేశారు. 2024లో అట్లాంటి పందేరం లేదు. గెలుస్తామన్న ధీమా కావచ్చు. అందుకే 2024 లెక్క ఇంకా ముఖ్యం. ఓట్ల కోసం ఎక్కువ తొందర పడకుండా, తాపీగా రాసుకున్న లెక్క అది.

ఆ లెక్కలో మొత్తం ఖర్చు 47 లక్షల 66 వేల కోట్లు. అందులో రోడ్లు, రైల్వేలు, ఓడరేవులు వంటి పెట్టుబడి ఖర్చుకు 11,11,111 కోట్లు. ఏడు ఒకట్లు వరసగా. ఇంత ముచ్చటైన అంకె అవసరాన్ని బట్టి వచ్చిందా, ముహూర్తం చూసి పెట్టిందా అని మాకు అనుమానం. రోడ్లు వద్దని మేము అనం. ఆ రోడ్డు మన వాడ దాకా వస్తుందా, ఆ కాంట్రాక్టు ఎవరికి పోతుంది, రాళ్ళు ఎవరు మోస్తారు అని అడుగుతున్నాం.

ఇక వాళ్ళు చెప్పిన నాలుగు కులాల సంగతి.

మొదటిది పేదలు. మనకంటే పేదలెవరు, మొదటి వరసలో మనమే ఉంటాం కదా అనుకోవచ్చు. అక్కడే ఉంది మెలిక. 2019లో అగ్రకులాల పేదలకు 10 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు, పేద అనడానికి ఏడాదికి 8 లక్షల ఆదాయ పరిమితి పెట్టారు. దళిత విద్యార్థికి ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను 2021లో సవరించినప్పుడు మాత్రం తల్లిదండ్రుల ఆదాయం 2 లక్షల 50 వేలు దాటకూడదన్నారు. అంటే నెలకు 60 వేలు వచ్చే అగ్రకుల ఇల్లు పేద ఇల్లు. నెలకు 22 వేలు వచ్చే మాదిగింటి పిల్లవాడు స్కాలర్‌షిప్ అక్కరలేని కలిగినవాడు. పేదలనే కులం ఒకటే అయితే కొలపాత్ర రెండు రకాలుగా ఎందుకుందో చెప్పాలి.

పేద ముసలివాళ్ళ పింఛను చూడండి. కేంద్రం ఇచ్చే వృద్ధాప్య పింఛను 2007 నుంచి 200 రూపాయల దగ్గరే ఆగింది. 80 ఏళ్ళు దాటితే 500. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 4 వేలు ఇస్తున్నా, తెలంగాణలో 2,016 ఇస్తున్నా అందులో ఢిల్లీ వాటా ఆ 200, 500 మాత్రమే. దేశం మొత్తానికి ఈ పింఛన్ల పద్దు 2023-24లో 9,652 కోట్లు, 2024 మధ్యంతర బడ్జెట్‌లోనూ అదే 9,652 కోట్లు. బియ్యం ధర పెరిగింది, మందుల ధర పెరిగింది, ఈ అంకె మాత్రం పెరగలేదు. 2007లో 200కి వచ్చిన సరుకు ఇప్పుడు 200కి వస్తుందా అని ఏ అంగడివాణ్ణి అడిగినా చెప్తాడు.

ఇదే సర్కారు 2019 సెప్టెంబరు 20న కంపెనీల పన్నును 30 శాతం నుంచి 22 శాతానికి దించింది. దానివల్ల ఖజానాకు ఏడాదికి 1 లక్షా 45 వేల కోట్లు తగ్గుతాయని ఆర్థిక మంత్రే చెప్పారు. అడిగిన వాళ్ళకు ఒక్క రోజులో ఇచ్చారు. ముసలమ్మ పింఛనుకు మాత్రం ఏళ్ళ తరబడి డబ్బులు లేవు.

రెండోది మహిళలు. లక్షాధికారి అక్కల సంఖ్యను 2 కోట్ల నుంచి 3 కోట్లకు పెంచుతామన్నారు. మంచిదే. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆయుష్మాన్ భారత్ వర్తింపజేస్తామన్నారు. అదీ మంచిదే. కానీ వాడలో ఆడవాళ్ళకు నిజంగా కూడు పెట్టిన పని ఏదని అడగండి, ‘కరువు పని’ అంటారు. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ఉపాధి హామీ మొదలైంది. ఆ పనికి పోయేవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళు. ప్రతి అయిదు పనిదినాల్లో దాదాపు ఒకటి దళితులది. ఆ పని వచ్చాకే కూలి రేటు గురించి ఆసామితో నిలబడి మాట్లాడగలిగాం. ‘నువ్వు పిలవకపోతే చెరువు పని ఉంది’ అనగలిగాం. ఆసాముల కంటికి ఆ పథకం నలుసైంది అందుకే.

దాని పద్దు ఏమైందో చూడండి. 2022-23లో సవరించిన అంచనా 89,400 కోట్లు. 2023-24లో 60 వేల కోట్లకు కోశారు. పని అడిగేవాళ్ళు ఆగలేదు కనుక ఏడాది మధ్యలో మళ్ళీ 86 వేల కోట్లు చేయక తప్పలేదు. 2024 మధ్యంతర బడ్జెట్‌లో అదే 86 వేల కోట్లు రాసి, పెంచామని చెప్పుకున్నారు. ఏడు ఒకట్ల పెట్టుబడి పద్దు దీనికి దాదాపు పదమూడు రెట్లు. ఈలోపు రోజుకు రెండుసార్లు ఫోన్లో ఫోటో అన్నారు, 2024 జనవరి 1 నుంచి ఆధార్ ముడి ఉంటేనే కూలి అన్నారు. సిగ్నల్ లేని చోట, వేలిముద్ర అరిగిపోయిన చేతులకు ఈ షరతులు. మట్టి మోసి మోసి వేలిముద్ర అరిగితే, ఆ వేలిముద్ర లేదని కూలి ఆపడం!

చివరికి 2025 డిసెంబరులో ఆ చట్టాన్నే తీసేసి, వికసిత్ భారత్ పేరుతో వేరే చట్టం పాస్ చేశారు. 100 రోజులు కాదు 125 రోజులన్నారు. వినడానికి బాగుంది. లోపల చదివితే రెండు కొక్కేలున్నాయి. ఇదివరకు మట్టిపని కూలి మొత్తం కేంద్రమే ఇచ్చేది. ఇప్పుడు మన రాష్ట్రాల వంటి చోట్ల ఖర్చులో 40 వంతులు రాష్ట్రం పెట్టుకోవాలి. అప్పుల్లో ఉన్న రాష్ట్రం ఆ వంతు పెట్టకపోతే 125 రోజులు కాగితం మీదే ఉంటాయి. రెండోది, నాట్లు కోతల కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా పని ఆపొచ్చన్నారు. కూలికి గిరాకీ ఉన్న రోజుల్లో మనం ఆసామి చెప్పిన రేటుకే పోవాలని దీని అర్థం. ఇది ఎవరి కోరికో వేరే చెప్పాలా?

మూడోది యువత. మన పిల్లలకు యువత అంటే చదువు, చదువంటే స్కాలర్‌షిప్. ఈ స్కాలర్‌షిప్ సర్కారు దయతో రాలేదు. బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో ఉన్న కాలంలో, 1944లో మొదలైంది. స్వాతంత్ర్యం కంటే ముందుది. 2017 నుంచి 2020 దాకా కేంద్రం దీనికి సగటున ఏడాదికి 1,100 కోట్ల చొప్పున మాత్రమే ఇచ్చింది. మిగిలిన భారం రాష్ట్రాల మీద పడింది, రాష్ట్రాలు కాలేజీల మీద వేశాయి, కాలేజీలు పిల్లల మీద వేశాయి. దేశమంతా దళిత సంఘాలు అరిచి మొత్తుకుంటే 2020 డిసెంబరులో కేంద్రం 60 వంతులు, రాష్ట్రం 40 వంతులని ఒప్పుకున్నారు. ఇది మనం పోరాడి గెలిచిన పద్దు. అడిగితే వస్తుందనడానికి రుజువు ఇదే. అయినా మన రెండు రాష్ట్రాల్లో ఫీజు బకాయిలు తీరలేదని సర్టిఫికెట్లు ఆపిన కాలేజీలు ఎన్నో. సర్టిఫికెట్ చేతికి రాక ఉద్యోగం పోగొట్టుకున్న తమ్ముళ్ళు ప్రతి మండలంలోనూ మాకు కనిపిస్తున్నారు. యువత అనే కులంలో వాళ్ళు లేరా?

నాలుగోది అన్నదాత. అన్నం పెట్టేది ఎవరు? దుక్కి దున్నింది, నాటు వేసింది, కలుపు తీసింది, కోసింది, కుప్ప వేసింది మనం. కాని సర్కారు లెక్కలో అన్నదాత అంటే పట్టా ఉన్నవాడు. పీఎం కిసాన్ 6 వేలు భూమి పేరున్నవాడికే. మొదట 5 ఎకరాల లోపువాళ్ళకన్నారు. 2019 ఎన్నికలు అయ్యాక ఆ పరిమితి కూడా ఎత్తేశారు. ముప్ఫై ఎకరాల ఆసామికి వస్తాయి. ఆయన పొలం కౌలుకు చేసే మాలపల్లె మనిషికి రావు, ఆ పొలంలో కూలి చేసే ఆడమనిషికి రావు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు భూమిలో దళితుల చేతిలో ఉన్నది 9 శాతం కూడా లేదు. 2011 జనాభా లెక్కల్లో మనం 16.6 శాతం. భూమి పంచకుండా భూమి ఉన్నవాడికే డబ్బు పంచితే ఆ డబ్బు ఎటు పోతుందో లెక్కల మాస్టారు అక్కరలేదు.

నాలుగు కులాలూ చూశాం. నాలుగింటిలోనూ మనం ఉన్నాం, నాలుగింటిలోనూ చివరి వరసలో ఉన్నాం. అందుకే మనకు వేరే పద్దు కావాలన్నది పాత మాట. ఊరికి వచ్చిన సిమెంటు రోడ్డు గుడి దాకా వచ్చి ఆగిపోవడం, నీళ్ళ ట్యాంకు ఊళ్ళో కట్టి కొళాయి వాడ మొదట్లోనే ఆపేయడం మనకు కొత్తా? అందరికీ అని రాసిన సొమ్ము ఊరి పొలిమేర దాటదు. ఈ నిజం గుర్తించే 1979-80లో స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ పెట్టారు. ఆంధ్ర కేడర్ అధికారి పి.ఎస్. కృష్ణన్ దాని రూపకర్త. గిరిజనులకు అంతకు ముందే, 1974-75లో, ట్రైబల్ సబ్ ప్లాన్ వచ్చింది. జనాభాలో ఎంత వంతో ప్రణాళిక సొమ్ములో అంత వంతు వేరే తీసి, వాళ్ళకే ఖర్చు పెట్టాలన్నది సూత్రం. దారి మళ్ళించకూడదు, మురిగిపోనివ్వకూడదు.

2014 తర్వాత ప్రణాళికా సంఘాన్ని ఎత్తేశారు. 2017-18 నుంచి ప్రణాళిక ఖర్చు, ప్రణాళికేతర ఖర్చు అనే తేడా తీసేశారు. సబ్ ప్లాన్ అనే పేరు పోయి ‘షెడ్యూల్డు కులాల సంక్షేమానికి కేటాయింపు’ అయింది. బడ్జెట్ పత్రాల్లో స్టేట్‌మెంట్ 10ఏ మనది, 10బీ గిరిజనులది. నాలుగే కులాలన్న సర్కారు కూడా ఈ కాగితం తీసేయలేకపోయింది.

2024 లెక్కలో 10ఏలో ఉన్నది సుమారు 1 లక్షా 65 వేల కోట్లు. పెద్ద అంకెలాగే ఉంది. మొత్తం బడ్జెట్‌లో వంద రూపాయలకు మూడున్నర. ‘వడ్డీలూ సైన్యం జీతాలూ పంచలేం కదా’ అంటారు అధికారులు. సరే, అవన్నీ తీసేద్దాం. కేంద్రం పథకాల మీద పెట్టే సొమ్ము దాదాపు 20 లక్షల కోట్లు. అందులో 16.6 వంతు అంటే 3 లక్షల 30 వేల కోట్లు. ఇచ్చింది అందులో సగం.

ఆ సగంలోనూ ఏముందో విప్పి చూడండి. నేరుగా మన మనుషులకే చేరే స్కాలర్‌షిప్, హాస్టల్, రుణం వంటివి తక్కువ. ఎక్కువ భాగం అందరికీ పోయే పథకాల్లో మన వంతు ఇంత అని కాగితం మీద రాసుకున్నది. యూరియా సబ్సిడీలో కూడా మన వంతు రాశారు. సెంటు భూమి లేని కూలివాడి పేరు మీద యూరియా! ఆ బస్తా ఎవరి పొలంలో పడిందో ఊరందరికీ తెలుసు, పద్దు మాత్రం మన పేరున పడింది.

అదే సమయంలో పాకీపనివాళ్ళ సంగతి చూడండి. 2013లో చట్టం చేసి ఆ పని నిషేధించారు. మురుగు గుంటలో దిగి చనిపోతే 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. పారిశుధ్య కార్మికుల యంత్రాలకు, పునరావాసానికి పెట్టిన నమస్తే పథకానికి 2024-25లో రాసింది సుమారు 117 కోట్లు. ఏడు ఒకట్ల పెట్టుబడి పద్దులో ప్రతి లక్ష రూపాయలకు ఇది పదిన్నర రూపాయలు. పేరు నమస్తే. దండం పెట్టి పంపేయడమంటే ఇదే.

ఇది ఒక్క పార్టీ పాపం కాదు. ఆ మాట చెప్పకపోతే మేము మోసం చేసినవాళ్ళం అవుతాం. 2010 కామన్‌వెల్త్ ఆటల కోసం ఢిల్లీ కాంగ్రెస్ ప్రభుత్వం దళితుల నిధుల్లోంచి 744 కోట్లు మళ్ళించింది. నాటి కేంద్ర హోంమంత్రి రాజ్యసభలో అది తప్పేనని ఒప్పుకున్నారు. కర్ణాటకలో కాంగ్రెస్ ప్రభుత్వమే 2023-24లో దళిత, గిరిజన నిధుల్లోంచి 11 వేల కోట్లకు పైగా ఎన్నికల గ్యారంటీలకు వాడింది. మన దగ్గర కాకి మాధవరావు గారి వంటి పెద్దలు, సంఘాలు, ఊరూరా కార్యకర్తలు కలిసి పోరాడితే 2013లో దేశంలోనే ముందుగా సబ్ ప్లాన్ చట్టం వచ్చింది. అందులోనూ ‘విడదీయలేని పనులు’ అని ఒక కంత పెట్టారు. ఆ కంతలోంచి ఎన్ని కోట్లు జారాయో! ఆ తర్వాత వచ్చినవాళ్ళు అందరికీ ఇచ్చే పథకాల్లో మన వాళ్ళకు పోయిన డబ్బును కూడా సబ్ ప్లాన్ ఖర్చుగా రాసుకున్నారు. జెండా రంగు మారింది, చిట్టా రాసే చెయ్యి మారలేదు. కేంద్రంలో అయితే ఇట్లాంటి చట్టమే లేదు.

ఒక మాట మన వాళ్ళకు మనం చెప్పుకోవాలి. 2024 ఆగస్టు 1 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వర్గీకరణ అమలులోకి వచ్చింది. దాని మీద మాలపల్లెకు, మాదిగ గూడేనికి మధ్య మాటలు నడుస్తున్నాయి. ఎవరి వాదన వాళ్ళు చెప్పుకోవచ్చు. కాని ఉమ్మడి కుప్పనే ఊళ్ళోవాడు బండికెత్తుకు పోతుంటే, పంపకం మీద కొట్లాడుతూ కూర్చుంటామా? కుప్ప కాపాడుకోవడం దగ్గర ఇద్దరం ఒకటిగా నిలబడాలి.

లెక్కలు మనకెందుకులే అనకండి. 1882లో హంటర్ కమిషన్ ముందు మహాత్మా ఫూలే పెట్టిన ఫిర్యాదు ఇదే. పన్ను కట్టేది శూద్రాతిశూద్రుల చెమట, ఖర్చు పెట్టేది పైకులాల పిల్లల చదువుకు అన్నాడు. 1927లో బాబాసాహెబ్ బొంబాయి శాసనమండలిలో అడుగుపెట్టగానే మాట్లాడింది బడ్జెట్ మీదే. సారా మీద జనం దగ్గర గుంజినంత సొమ్మయినా వాళ్ళ చదువుకు పెట్టమని వాదించాడు. ఆ మాట 1992లో దూబగుంట ఆడవాళ్ళకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. చుండూరు తర్వాత మనం కోర్టు కాగితాలు చదవడం నేర్చుకున్నాం. ఇక బడ్జెట్ కాగితాలు కూడా చదవడం నేర్చుకోవాలి.

అందుకని కార్యకర్తలకు మా మనవి. మీ మండలంలో చదువుకున్న ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి 10ఏ కాగితం తీయించండి, తెలుగులో రాయించి వాడలో చదవండి. మీ ఊరి సబ్ ప్లాన్ పనులు ఏవి, ఎంత, ఎవరికి అని సమాచార హక్కు కింద ఎంపీడీఓ ఆఫీసులో అర్జీ పెట్టండి. రసీదు తీసుకోకుండా కదలకండి. గ్రామసభలో ఆ జవాబు అందరి ముందు చదివించండి. పని అడిగినప్పుడు నోటిమాటగా కాదు, కాగితం మీద అడగండి. స్కాలర్‌షిప్ ఆగిన పిల్లల జాబితా ఊరూరా రాసి మాకు పంపండి. ఓటుకు వచ్చినవాణ్ణి మూడే అడగండి: కేంద్రంలో సబ్ ప్లాన్ చట్టం తెస్తావా? మా వంతు మాకే నేరుగా ఖర్చు పెడతావా? ముసలమ్మ పింఛనులో ఢిల్లీ వంతు 200 దాటిస్తావా? అవునంటే కాగితం మీద సంతకం పెట్టించండి.

ఆ పెద్దమ్మకు మా జవాబు: అమ్మా, వాళ్ళ నాలుగు కులాల్లో మన పేరు లేదు. కాని వాళ్ళ ఖజానాలో మన డబ్బు ఉంది. నువ్వు కొన్న ఉప్పు దుకాణం సరుకు మీద, సబ్బు మీద, అగ్గిపెట్టె మీద పన్ను కట్టావు. బిచ్చం అడగడం లేదు. మన పద్దు మనం అడుగుతున్నాం.

జై భీమ్.